సెమిస్టర్ చివరి పరీక్షల్లోనే అమ్మానాన్న వస్తున్నారు, ఎలా చూసుకోవాలి?

వానచినుకు:

అందరికీ నమస్తే. ఏప్రిల్ నుంచి జర్మనీలోని బాన్‌లో ఎక్స్ఛేంజ్ సెమిస్టర్ చదువుతున్నాను. ఈ ఒక్క సెమిస్టరే, ఆగస్టులో తిరుగు ప్రయాణం. అమ్మ, నాన్న, తమ్ముడు జూలై 17 శుక్రవారం పొద్దున ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగుతున్నారు. ఆగస్టు 8న నలుగురం కలిసి వెళ్లిపోతాం. వీసాలు వచ్చేశాయి, టికెట్లు తీసేశారు. నాన్నకు బ్యాంకులో సెలవు ఆ రోజులకే ఇచ్చారు. కాబట్టి తేదీలు మార్చుకోమని మాత్రం చెప్పకండి.

నా పరిస్థితి ఇది. జూలై 21 మంగళవారం ఒక రాత పరీక్ష, 28న ఇంకొకటి. సెమినార్ పేపర్ ఆగస్టు 3లోపు ఇవ్వాలి, ఇంకా సగం కూడా కాలేదు. ఒక పరీక్ష వదిలేసి మళ్లీ రాద్దామంటే అప్పటికి నేను ఇక్కడ ఉండను, అక్కడ మా కాలేజీలో క్రెడిట్లు తగ్గుతాయి. వెళ్లేలోపు గది ఖాళీ చేసి అప్పగించాలి. ఉండేది స్టూడెంట్ హాస్టల్. ఒక మంచం, ఒక బల్ల, ఒక కిటికీ. వంటగది అంతస్తు మొత్తానికీ ఒకటే.

అమ్మకు మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేదు. నాన్నకు షుగర్, మాత్రలతో పాటు రాత్రి ఇన్సులిన్ కూడా. ముగ్గురూ దేశం దాటడం ఇదే మొదటిసారి. అమ్మేమో ఫోన్ చేసిన ప్రతిసారీ "నువ్వు చదువుకోమ్మా, మేం ఓ మూలన కూర్చుంటాం" అంటుంది. ఆ మాట వింటే గుండె పిండేసినట్టు ఉంటోంది. ఎన్నేళ్లు కూడబెట్టుకుని ఇంత దూరం వస్తున్నారు! మూలన కూర్చోవడానికా?

వాళ్లను నా గదిలో ఉంచుకోవాలా, వేరే తీసుకోవాలా? పరీక్ష ముందు రెండు మూడు రోజులు వాళ్లనే తిరగమని వదిలేస్తే తప్పవుతుందా? నాన్న పారిస్ కూడా చూడాలంటున్నారు, తమ్ముడు లండన్ అంటున్నాడు. ఇలా పరీక్షల మధ్యలో ఇంట్లోవాళ్లు వచ్చినప్పుడు మీరెవరైనా ఎలా నెట్టుకొచ్చారో చెప్పండి.

గడియారం ముల్లు:

ముందు ఒక పని చేయండి. ముగ్గురి వీసా స్టిక్కర్ల ఫోటోలు తెప్పించుకుని మీరే చూడండి. మనవాళ్లు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అన్న గడులు మాత్రమే చూస్తారు. అసలు చూడాల్సింది "డ్యూరేషన్ ఆఫ్ స్టే" అని ఉన్న గడి. తేదీల మధ్య వ్యవధి మామూలుగా కాస్త ఎక్కువ ఇస్తారు, ఉండనిచ్చేది మాత్రం ఆ గడిలో ఉన్నన్ని రోజులే. దిగిన రోజూ ఎక్కిన రోజూ రెండూ లెక్కలోకి వస్తాయి. 17 నుంచి 8 వరకు అంటే 23 రోజులు. ఆ గడిలో అంతకు తక్కువ ఉంటే ఇప్పుడే తెలియాలి.

రెండోది, ఎన్ని ఎంట్రీలో చూడండి. ఒకటే ఉంటే లండన్ మాట మర్చిపోమనండి తమ్ముణ్ణి. బ్రిటన్ షెంగెన్‌లో (ఒకే వీసాతో తిరగగల యూరప్ దేశాల కూటమి) లేదు, అక్కడికి వేరే వీసా కావాలి, పైగా ఒకసారి షెంగెన్ దాటి బయటికి వెళ్తే సింగిల్ ఎంట్రీ అయిపోయినట్టే. ఐర్లండ్ కూడా అంతే. ఫ్రాన్స్, బెల్జియం, నెదర్లాండ్స్, స్విట్జర్లాండ్‌కు ఆ ఇబ్బంది లేదు.

నాన్నగారి ఇన్సూరెన్స్ కాగితం కూడా చదవండి. వీసా కోసం 30,000 యూరోల కవరేజీ అడుగుతారు కాబట్టి అది ఉంటుంది. కానీ చాలా పాలసీల్లో ముందు నుంచీ ఉన్న జబ్బులకు షరతులు పెడతారు. షుగర్ విషయంలో ఏం రాశారో వాళ్లు ఎక్కకముందే ఏజెంట్‌ను అడగండి.

రైన్ ఒడ్డు:

చెల్లీ, నేను బాన్‌లోనే మాస్టర్స్ చేశాను, ఇప్పుడు కొలోన్‌లో ఉద్యోగం. మా అమ్మానాన్న కూడా నా పరీక్షల రోజుల్లోనే వచ్చారు. మీ ఊరే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

నువ్వు అడిగినదాంట్లో నాకు ముఖ్యంగా కనిపించింది "వదిలేస్తే తప్పవుతుందా" అన్న మాట. తప్పు కాదు. మనం వాళ్లను చేయి పట్టుకుని తిప్పాలని అనుకుంటాం. మనం పుట్టకముందు నుంచీ వాళ్లు రైళ్లెక్కారు, ఊళ్లు మారారు, ఆఫీసుల చుట్టూ తిరిగి పనులు చేయించుకున్నారు. ఇక్కడ వాళ్లకు లేనిది భాష, ఊరి ఆనవాలు. ఆ రెండూ వాళ్ల చేతిలో పెట్టడానికి నీకు ఒక శని, ఆదివారాలు చాలు. నువ్వు ఈ మూడు వారాల్లో వాళ్ల కోసం చేయాల్సిన పెద్ద పని అదే. ఊరంతా చూపించడం దాని తరవాతే.

బస సంగతి. నీ గదిలో వద్దు. మొదట నీ కాంట్రాక్టు చూడు, అతిథులు ఎన్ని రాత్రులు ఉండొచ్చో చాలా హాస్టళ్లు రాసే పెడతాయి. ఆ నిబంధన లేకపోయినా వద్దనే అంటాను, కారణం నిద్ర. జూలైలో మనకూ ఇక్కడికీ మూడున్నర గంటల తేడా. నాన్నగారు ఇంటి దగ్గర ఐదున్నరకు లేచే మనిషైతే ఇక్కడ మొదటి రోజుల్లో రాత్రి రెండింటికే మెలకువ వస్తుంది. నువ్వు అప్పుడే పుస్తకం మూస్తుంటావు. రాత్రి తొమ్మిదిన్నరకు కూడా బయట వెలుగు ఉంటుంది, కిటికీకి మందపాటి కర్టెన్ లేకపోతే వాళ్లకు నిద్ర పట్టదు. ఒకే గదిలో నలుగురూ సగం సగం నిద్రపోతే 21న నువ్వు పరీక్ష ఎలా రాస్తావు? అద్దెకు చిన్న అపార్ట్‌మెంట్ తీసుకో. మూడు సంగతులు చూడు: లిఫ్ట్ ఉండాలి, వంటగది ఉండాలి, ట్రామ్ స్టాప్ దగ్గరగా ఉండాలి. ఇక్కడి పాత ఇళ్లలో చాలావాటికి లిఫ్ట్ ఉండదు, ఫోటోలు చూసి మోసపోకు, రాసి అడుగు. అమ్మ మోకాళ్లకు సిటీ సెంటర్‌లో ఉండటం కన్నా లిఫ్ట్ ఉండటం ముఖ్యం.

17న విమానాశ్రయానికి మాత్రం వెళ్లు. తొలిసారి దేశం దాటి వస్తున్న వాళ్లకు దిగగానే నీ ముఖం కనిపించాలి. సగం రోజు చదువు పోతే పోనీ. ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయంలోనే ఐసీఈ (వేగంగా వెళ్లే జర్మన్ రైలు) స్టేషన్ ఉంది, అక్కడి నుంచి జీగ్‌బుర్గ్-బాన్ స్టేషన్‌కు 40 నిమిషాలు. దిగి 66 నంబరు ట్రామ్ ఎక్కితే మరో అరగంటలోపు బాన్. పెట్టెలతో పదే పదే రైళ్లు మారే బాధ ఉండదు. టికెట్ మాత్రం ఒకే రైలుకు కట్టేసే చవక రకం తీసుకోకు. షెంగెన్ సరిహద్దులో 2025 అక్టోబరు నుంచి కొత్త నమోదు పద్ధతి వచ్చింది, అక్కడ లైను ఎంతసేపు పడుతుందో చెప్పలేం. ఏ రైలైనా ఎక్కనిచ్చే టికెట్ తీసుకుంటే గుండెదడ లేకుండా బయటికొస్తారు.

18, 19 తేదీలు పూర్తిగా వాళ్లవి. ఆ రెండు రోజులు పుస్తకం ముట్టుకోకు. అలాగని దూరం కూడా వెళ్లకండి. బస నుంచి ట్రామ్ స్టాప్, అక్కడి నుంచి రైన్ నది ఒడ్డు, మళ్లీ వెనక్కి. మొదటిసారి నువ్వు ముందు నడువు. రెండోసారి తమ్ముణ్ణి నడిపించమను, నువ్వు వెనక ఉండి నోరు మెదపకు. తప్పు స్టాప్‌లో దిగినా పర్లేదు, సరిచేసుకోవడం వాళ్లకు రావాలి. మూడోసారి అమ్మను ముందు పెట్టు. ఇది చాలామంది చేయరు. తమ్ముడికీ నాన్నకీ దారి తెలిస్తే చాలనుకుంటారు, అమ్మ మూడు వారాలూ ఎవరో ఒకరి వెనకాలే నడుస్తుంది. మా అమ్మ ఒంటరిగా ట్రామ్ ఎక్కి లైబ్రరీ బయట నా కోసం నిలబడిన సాయంత్రం ఆవిడ ముఖంలో ఉన్న వెలుగు నేనెప్పటికీ మర్చిపోను.

నీ సెమిస్టర్ టికెట్ (విద్యార్థుల ప్రయాణ పాస్) మీద వాళ్లు ప్రయాణించలేరు, ముగ్గురికీ విడిగా తీసుకో. బస చిరునామా, నీ నంబరు, 112, ఒక కాగితం మీద రాసి ముగ్గురి జేబుల్లోనూ పెట్టు. ఫోన్ చార్జింగ్ అయిపోతుంది, కాగితానికి ఆ భయం లేదు. ప్రాణం మీదకు వచ్చే అవసరమైతే 112. అంత కాదు గానీ క్లినిక్ వేళలు దాటాక డాక్టర్ కావాలంటే 116 117. నాన్నగారి ఇన్సులిన్ చేతి సంచిలోనే రావాలి, కింద లగేజీలో వేస్తే గడ్డకట్టి పాడవ్వచ్చు. డాక్టర్ చీటీలో మందు బ్రాండ్ పేరుతో పాటు అసలు మందు పేరు కూడా రాయించండి, ఇక్కడ మన బ్రాండ్లు ఎవరికీ తెలియవు. రాత్రి డోసు మూడున్నర గంటలు ఎలా జరపాలో బయల్దేరేముందే ఆయన డాక్టర్‌ను అడగమను. ఇంటర్నెట్‌లో ఎవరి మాటా వినకండి, నా మాట కూడా.

20, 21 వాళ్లవి వాళ్లు చూసుకుంటారు. రైన్ ఒడ్డంతా చదును, బెంచీలుంటాయి, అమ్మకు హాయిగా ఉంటుంది. నీ పరీక్ష అయిపోయాక 22న నలుగురూ కలిసి కోనిగ్స్‌వింటర్ వెళ్లండి. అదే 66 ట్రామ్. అక్కడ డ్రాకెన్‌ఫెల్స్ కొండ 321 మీటర్లు, పైకి రంపపు పళ్లలాంటి పట్టాల మీద కొండెక్కే రైలు ఉంది, 1883 నుంచి నడుస్తోంది. మెట్లు ఎక్కలేని మనిషి కొండ కొసన నిలబడి రైన్ నదిని చూడగలదు, అమ్మను ముందు అక్కడికే తీసుకెళ్లు. కొలోన్ కేథడ్రల్ రైల్వే స్టేషన్ బయటికి రాగానే కనిపిస్తుంది. 1248లో మొదలుపెట్టి 1880లో పూర్తిచేశారు. గోపురం మీదికి 533 మెట్లు, లిఫ్ట్ లేదు. నాన్న, తమ్ముడు ఎక్కితే అమ్మ లోపల రంగు అద్దాలు చూస్తూ కూర్చోవచ్చు. దానికి నువ్వు కూడా ఉండాల్సిన పని లేదు.

పేపర్ విషయంలో కాస్త గట్టిగా చెప్తున్నా. పరీక్షకు చదివింది నెల ముందు చదివితే మర్చిపోతావు, పేపర్ అలా కాదు. ముందే రాసి పెట్టుకోవచ్చు. కాబట్టి ఈరోజు నుంచి వాళ్లు దిగేదాకా పేపరే పట్టుకో. జూలై 16 రాత్రికి మొదటి చిత్తు పూర్తవ్వాలి. 28 తరవాత దిద్దుకోవడం మాత్రమే మిగలాలి. పారిస్ ఆగస్టు 3 తరవాత పెట్టుకోండి, కొలోన్ నుంచి నేరుగా రైలు ఉంది, మూడున్నర గంటల లోపే. పరీక్షల మధ్య ఆ ప్రయాణం మాత్రం ఎవరు అడిగినా ఒప్పుకోకు.

వానచినుకు:

అక్కా, ఎంత ఓపిగ్గా రాశారు! అమ్మను ముందు నడిపించాలన్న ఆలోచన నాకు అసలు రాలేదు. అవును, ఆవిడ ఎక్కడికి వెళ్లినా నాన్న వెనకాలే. స్టిక్కర్లు కూడా చూశాను, ముగ్గురికీ మల్టిపుల్ ఎంట్రీ, 30 రోజులు. లండన్‌కు వేరే వీసా అని తమ్ముడికి చెప్పాను, కాసేపు అలిగాడు.

ఒక్కటి మిగిలింది. నేను లైబ్రరీలో కూర్చుని ఉంటే, వాళ్లు ఎక్కడో ట్రామ్‌లో ఉంటే, నాకు మనసు నిలుస్తుందా? నాన్న ముందే చెప్పేశారు, నీకు ఇబ్బందైతే మేం గది దాటమని. నేను ఒత్తిడిలో ఉన్నట్టు వాళ్లకు కనిపించకూడదని ఉంది.

మాష్టారు:

అమ్మాయ్, నేను రిటైర్డ్ లెక్కల టీచర్ని. అవతలి వైపు నుంచి చెప్తాను, వచ్చిన నాన్న వైపు నుంచి.

మా అమ్మాయి ఎడిన్‌బరోలో చదువుతుండగా నేనూ మా ఆవిడా వెళ్లాం, మే నెల, ఆమెకు పరీక్షలు. మొదటి రెండు రోజులు మా ముందు నవ్వుతూ తిరిగేది, మేం పడుకున్నాక బాత్‌రూమ్‌లో లైటు వేసుకుని చదివేది. కన్నవాళ్లకు అది తెలియదా? మా ఆవిడే అడిగింది, నీ టైంటేబుల్ గోడకు అంటించు అని. అంటించింది. ఏ రోజు ఏ పరీక్ష, ఏ గంట నుంచి ఏ గంట వరకు చదువు, ఏ పూట మాతో, అన్నీ ఉన్నాయి. ఆ కాగితం అంటించిన క్షణం నుంచి మాకు ఊపిరి ఆడింది. ఎప్పుడు పలకరించాలో, ఎప్పుడు పలకరించకూడదో తెలిసిపోయింది. అందుకే చెప్తున్నా, ఒత్తిడి దాచొద్దు. దాచితే మేం అది మా మీద విసుగనుకుంటాం.

మీ నాన్న బ్యాంకు మనిషంటున్నావు. అంకెల్లో చెప్పు. మీ యూరప్ పద్ధతిలో ఒక క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల పని. 6 క్రెడిట్ల కోర్సుకు 150 నుంచి 180 గంటలు. ఇందులో ఎన్ని గంటలయ్యాయి, ఎన్ని మిగిలాయి, కాగితం మీద గీసి చూపించు. ఆ లెక్క చూశాక ఆయనే నీకు కాపలా కూర్చుంటారు.

ఇంకో మాట. మాకు పని చెప్పండి. చుట్టాల్లా చూడకండి. నేను మా అమ్మాయి నోట్సు వరసపెట్టి ఫైలు చేశాను, పుస్తకాలు లైబ్రరీకి తిరిగిచ్చి వచ్చాను. మా ఆవిడ బట్టలన్నీ సర్దింది. ఆ పనులు చేసిన రోజులే మాకు బాగా గుర్తున్నాయి. పగలు స్కాట్లాండ్ నేషనల్ మ్యూజియంకు వెళ్లేవాళ్లం. ప్రవేశం ఉచితం, లోపల లిఫ్టులున్నాయి, వాన పడ్డా ఇబ్బంది లేదు. రోజూ ఒక గది చూసి వచ్చేవాళ్లం. సాయంత్రం ఆమెకు మేమే చెప్పేవాళ్లం అందులో ఏముందో. తను చదివే ఊరి గురించి తనకు తెలియనివి మేం చెప్తుంటే పిల్ల నోరు తెరుచుకుని వినేది.

పరీక్షలయ్యాక నువ్వు కూర్చునే క్లాసు, లైబ్రరీలో నీ కుర్చీ, అవి చూపించు. పారిస్ చూడకపోయినా మీ నాన్న బాధపడరు. అది చూడకుండా వెళ్తే బాధపడతారు.

మూడో పెట్టె:

గది అప్పగింత గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తాను. పోయినేడాది నేనూ ఒక సెమిస్టర్ చేసి వచ్చాను.

మీవాళ్లు వచ్చేటప్పుడు పెద్ద పెట్టెలో చిన్న పెట్టె పెట్టుకుని తెమ్మనండి. మీ సామాను వాళ్ల లగేజీలో వెళ్తుంది, విడిగా పార్సిల్ పంపే ఖర్చు తప్పుతుంది. ఎవరి టికెట్ మీద ఎన్ని కిలోలో నలుగురివీ చూడండి. ఏ పెట్టె అయినా 32 కిలోలు దాటితే మామూలుగా కౌంటర్లో తీసుకోరు. పవర్ బ్యాంకులు చేతి సంచిలోనే.

జర్మనీ వదిలి వెళ్లేటప్పుడు మీ చిరునామా నమోదు రద్దు చేయించుకోవాలి, దాన్ని అబ్‌మెల్డుంగ్ అంటారు. ఖాళీ చేసే తేదీకి వారం ముందు నుంచి, చేసిన రెండు వారాల లోపు. మీరు 8న వెళ్తున్నారు కాబట్టి ఆగస్టు 1 నుంచి కుదురుతుంది, అపాయింట్‌మెంట్ కావాలేమో ఇప్పుడే చూడండి. ఆ కాగితం జాగ్రత్తగా ఉంచుకోండి. బ్యాంకు, హెల్త్ ఇన్సూరెన్స్, రేడియో ఫీజు (రేడియో, టీవీ కోసం ఇంటింటికీ వేసే రుసుము), వీటిని ఆపేటప్పుడు అడుగుతారు. హాస్టల్ డిపాజిట్ వెంటనే రాదు, కాబట్టి ఆ డబ్బు వచ్చేదాకా ఖాతా మూయకండి.

గది చూడటానికి హాస్టల్ మనిషి వచ్చే టైం కూడా ఇప్పుడే అడగండి. 6 లేదా 7 దొరికితే మంచిది. ముందు రోజు నలుగురూ పట్టుకుంటే గంటన్నరలో శుభ్రం అయిపోతుంది. పారిస్‌కు ఎన్ని రోజులు మిగులుతాయో అది తేలాకే లెక్కేసుకోండి.

రైన్ ఒడ్డు:

మూడో పెట్టె చెప్పింది నిజం. అయితే పారిస్ 4న పొద్దున వెళ్లి 5 రాత్రికి వచ్చేయండి, 7న గది అప్పగింత. చెల్లీ, మనసు నిలుస్తుందా అని అడిగావు కదా. తమ్ముడితో లొకేషన్ షేర్ చేయించుకో, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి మాత్రమే చూస్తానని నీకు నువ్వు చెప్పుకో. మొదటిరోజు కష్టంగా ఉంటుంది. రెండోరోజు మధ్యాహ్నానికి నువ్వే చూడటం మర్చిపోతావు.

వానచినుకు:

మాష్టారూ, మీరు రాసింది అమ్మకు ఫోన్‌లో చదివి వినిపించాను. నాన్న పక్కనే ఉన్నారట, టైంటేబుల్ ఇప్పుడే పంపమన్నారు. పంపాను. పది నిమిషాల్లో ఫోన్ చేసి, 18, 19 కూడా పొద్దున రెండు గంటలు చదువుకో, మేం ఎలాగూ తెల్లారకముందే లేస్తాం, నువ్వొచ్చేసరికి తయారై ఉంటాం అన్నారు. అక్కా, మీరు ముట్టుకోవద్దన్న పుస్తకం ఆ రెండు గంటలు ముట్టుకుంటాను, మిగతా రోజంతా వాళ్లదే.

హాస్టల్ ఆఫీసుకు మెయిల్ పెట్టాను, 7వ తేదీ పొద్దున 10 గంటలకు వస్తామన్నారు. అపార్ట్‌మెంట్ 66 లైను మీదే దొరికింది, లిఫ్ట్ ఉందని రాసి పంపారు. తమ్ముడు అప్పుడే స్టాపుల పేర్లన్నీ బట్టీ పడుతున్నాడు. డ్రాకెన్‌ఫెల్స్ రైలు ఫోటో చూసి అమ్మ ఒక్కటే అడిగింది, కిటికీ పక్కన సీటు దొరుకుతుందా అని. రైన్ ఒడ్డు అక్కా, పైకి వెళ్లేటప్పుడు నది ఏ పక్క కనిపిస్తుంది?